న్యూరల్ ట్యూబ్ మూసుకోవడం వెనుక ఎంజైములు: ఫోలిక్ యాసిడ్ ఒక్కటేనా?

#1 గుడ్డులో_పిండం (హైదరాబాద్)

ఇంటర్ జువాలజీ నుంచి ఎమ్మెస్సీ నోట్సు దాకా నేను చదివిన చోటల్లా న్యూరల్ ట్యూబ్ గురించి దాదాపు ఒకే వాక్యం ఉండేది. నాడీ ఫలకం (పిండం వీపు మీద పలకలా పరుచుకున్న కణాల పొర) అంచులు పైకి లేస్తాయి, వంగుతాయి, మధ్యలో కలుసుకుని గొట్టం అవుతాయి, ఆ గొట్టమే తర్వాత మెదడు, వెన్నుపాము అవుతుంది. లేపేది ఏమిటి, వంచేది ఏమిటి, ఎక్కడ వంగాలో కణాలకు చెప్పేది ఏమిటి అన్నది పరీక్షలో రాదు కాబట్టి వదిలేస్తారు. నాకు ఆ వదిలేసిన భాగమే ఇష్టం. పీహెచ్‌డీ కూడా కోడి పిండాల మీద అందులోనే చేస్తున్నాను. తెలుగులో దీని గురించి మాట్లాడుకునే చోటు కనపడక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మనిషి పిండంలో ఈ పని ఫలదీకరణ తర్వాత మూడో వారం చివర మొదలై 28వ రోజుకల్లా అయిపోతుంది. తల వైపు రంధ్రం 25వ రోజు ప్రాంతంలో, కింది వైపుది 27, 28 రోజులకు మూసుకుంటాయి. పైన మూసుకోకపోతే అనెన్సెఫలీ (మెదడు, పుర్రె సరిగా ఏర్పడవు), కింద మూసుకోకపోతే స్పైనా బైఫిడా (వెన్ను తెరుచుకుని ఉంటుంది).

ఇక ఎంజైముల సంగతి. ఫలకంలో కణాలు నిలువుగా, పొడుగ్గా ఉంటాయి. ఒక్కో కణం పై కొన లోపల ఆక్టిన్ పోగులు, మయోసిన్ కలిసి వలయంలా ఉంటాయి. రో అనే చిన్న ప్రోటీను ఉత్తేజితమైతే అది రో-కైనేజ్ అనే ఎంజైమును పని మీదకు దింపుతుంది (దీన్నే రాక్ అంటారు; కైనేజ్ అంటే ఫాస్ఫేటు తగిలించే ఎంజైము). రాక్ వెళ్ళి మయోసిన్‌కు ఫాస్ఫేటు తగిలిస్తుంది, పైగా ఆ ఫాస్ఫేటును పీకేసే ఫాస్ఫటేజ్ ఎంజైమును కూడా అణిచిపెడుతుంది. దాంతో సంచి నాడా లాగితే మూతి ముడుచుకున్నట్టు కణం పై భాగం ముడుచుకుంటుంది. పైన సన్నం, కింద వెడల్పు అవుతుంది. ఒకే వరుసలో ఉన్న కణాలన్నీ ఒకేసారి ఇలా చేస్తే ఫలకం ఆ వరుస దగ్గర వంగక తప్పదు. రాక్‌ను సరిగ్గా పై కొనకు తెచ్చి నిలబెట్టే ప్రోటీను పేరు ష్రూమ్3. అది లేని ఎలుక పిండాల్లో తల భాగం మూసుకోదని, మెదడు బయటికి తెరుచుకుని ఉండిపోతుందని 1999లోనే చూపించారు.

ఇది ఒక్క ఎంజైము సంగతే. ఇంకా చాలా ఉన్నాయి. మీకు తెలిసినవి, సందేహాలు, ఏవైనా రాయండి.

#2 బయోటెక్_తమ్ముడు (విజయవాడ)

అక్కా, అయితే రాక్ ఎక్కువ పనిచేస్తే గొట్టం ఇంకా తొందరగా, గట్టిగా మూసుకోవాలి కదా? తక్కువైతేనే సమస్య అనుకోవచ్చా?

#3 గుడ్డులో_పిండం

అలా అనుకోవడానికి లేదు తమ్ముడూ. బిగించడం ఎంత అవసరమో బిగిసినదాన్ని వదులు చేయడం కూడా అంతే అవసరం. లండన్‌లో ఎలుక పిండాల మీద చేసిన పని ఒకటి 2015లో వచ్చింది. అక్కడ వెన్ను భాగంలో రాక్‌ను మందుతో ఆపేస్తే ఆక్టిన్-మయోసిన్ తగ్గిపోవాల్సింది పోయి పేరుకుపోయింది, మూసుకోవడం ఆగింది. అంటే ఆ చోట రాక్ చేసే పనిలో పాత పోగుల్ని విప్పి కొత్తవి కట్టుకునేలా చూడటం కూడా ఉంది. పోగులు కదలకుండా బిర్రబిగుసుకుపోతే ఫలకం వంగలేదు.

ఇంకో తేడా కూడా ఉంది. ఆక్టిన్‌ను దెబ్బతీసే సైటోకలాసిన్ తక్కువ మోతాదులో ఇస్తే ఎలుక పిండంలో తల వైపు మూసుకోవడం ఆగిపోతుంది, వెన్ను వైపు మాత్రం చాలావరకు సాగిపోతుంది. గొట్టం ఒకటే అయినా పై భాగమూ కింది భాగమూ ఒకే పద్ధతిలో మూసుకోవు. ఒక బిడ్డకు తల దగ్గర, ఇంకో బిడ్డకు నడుము దగ్గర లోపం రావడానికి ఇదొక కారణం కావచ్చు.

#4 గోదారి_లెక్చరర్

జువాలజీ లెక్చరర్‌ని. చాలా మంచి చర్చ మొదలుపెట్టావమ్మా. నేను పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు ఒంటికన్ను గొర్రెపిల్లల సంగతి చెబుతాను, అప్పుడు క్లాసులో ఒక్కడు కూడా పక్కకు చూడడు. అమెరికాలో ఐడహో కొండల్లో గొర్రెల కాపరులకు ముఖం మధ్య ఒకే కన్నుతో పిల్లలు పుట్టడం కనిపించింది. అక్కడి వ్యవసాయ శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి వెతికితే కారణం కొండల్లో పెరిగే కార్న్ లిల్లీ అనే మొక్క అని తేలింది, చూలు గొర్రెలు దాన్ని సరిగ్గా రెండు వారాల చూలప్పుడు తింటే పిండానికి అలా అయ్యేది. అందులోని విషానికి సైక్లోపమీన్ అని పేరు పెట్టారు. అది ఆపేది సోనిక్ హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని.

నా ప్రశ్న ఇది. ఈ సంకేతం ఒక ప్రోటీను, నోటోకార్డ్ (ఫలకం కింద మధ్యలో ఉండే కడ్డీ లాంటి భాగం) నుంచి వస్తుంది, ఫలకం మధ్య గీత దగ్గర వంపు రావడానికి కారణం అదేనని చదివాను. మరి సైక్లోపమీన్ వల్ల న్యూరల్ ట్యూబ్ తెరుచుకుని ఉండిపోవాలి కదా, ఒంటికన్ను రావడమేమిటి?

#5 గుడ్డులో_పిండం

సార్, ఈ అంశంలో నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించిన విషయాన్నే అడిగారు.

సోనిక్ హెడ్జ్‌హాగ్ పూర్తిగా తీసేసిన ఎలుకల్లో కూడా గొట్టం మూసుకుంటుంది. మధ్యగీత దగ్గర వంపు సరిగా రాకపోయినా పక్కల రెండు వంపులతో పని జరిగిపోతుంది. మెదడు ముందు భాగం రెండుగా విడిపోవడం మాత్రం జరగదు, అందుకే ఒంటికన్ను. తేడా వచ్చేది సంకేతం మితిమీరినప్పుడు. ఎక్కువైతే ఆ పక్క వంపులు ఏర్పడవు, గొట్టం తెరుచుకునే ఉంటుంది.

మితిమీరకుండా కాపలా కాసేది ఒక ఎంజైము, ప్రోటీన్ కైనేజ్ ఏ, అంటే పీకేఏ. మామూలు సమయంలో కణంలో అడినైల్ సైక్లేజ్ అనే ఎంజైము సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువును తయారుచేస్తుంది, అది పీకేఏని నడిపిస్తుంది. పీకేఏ వెళ్ళి గ్లీ అనే ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తుంది, దాని వెనకే ఇంకో రెండు కైనేజులు వచ్చి మరికొన్ని ఫాస్ఫేట్లు తగిలిస్తాయి, అలా గుర్తులు పడ్డ గ్లీని ప్రోటియజోమ్ (కణంలో ప్రోటీన్లను ముక్కలు చేసే యంత్రం) సగానికి కోస్తుంది. కోసిన ముక్క జన్యువుల్ని అణిచి ఉంచుతుంది. హెడ్జ్‌హాగ్ వచ్చి తగిలితే ఈ కోత ఆగుతుంది, పూర్తి గ్లీ కేంద్రకంలోకి వెళ్ళి జన్యువుల్ని పని చేయిస్తుంది. ఈ తతంగమంతా కణం మీద వెంట్రుకలా పొడుచుకొచ్చే ప్రైమరీ సీలియా దగ్గర జరుగుతుంది, సీలియా లోపాలతో పుట్టే పిల్లల్లో కొందరికి మెదడు, వెన్ను సమస్యలు ఎందుకుంటాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఎలుకల్లో పీకేఏ తగ్గిస్తే హెడ్జ్‌హాగ్ రాకపోయినా వచ్చినట్టే కణాలు ప్రవర్తిస్తాయి, గొట్టం మూసుకోదు. నా దృష్టిలో సిగ్నలింగ్ అంటే ఇదే. సంకేతం ఇచ్చేదాని కంటే ఆపి ఉంచే ఎంజైము తప్పితేనే ఇక్కడ ఎక్కువ నష్టం.

#6 బయోటెక్_తమ్ముడు

ఇన్నాళ్ళూ కైనేజ్ అంటే ఆన్ చేసేది అనే గుర్తుపెట్టుకున్నాను. ఇక్కడ ఫాస్ఫేటు తగిలితే ఆఫ్ అవుతోంది. నోట్సులో రాసుకున్నా అక్కా.

#7 ఒక_తల్లి

మీ సైన్సంతా నాకు అర్థం కాలేదు, అయినా మొత్తం చదివాను. నా మొదటి బిడ్డకు టిఫా స్కాన్‌లో నడుము దగ్గర వెన్ను తెరుచుకుని ఉందని చెప్పారు. బిడ్డ దక్కలేదు. స్కాన్ చేసిన చోట ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, రిపోర్టు చేతిలో పెట్టి పంపించేశారు. ఇంటికొచ్చాక మా అత్తగారి వైపు వాళ్ళు గ్రహణం రోజు బయట తిరిగావన్నారు, కత్తిపీట పట్టుకున్నావన్నారు. ఇంకొకరు మేనరికం చేసుకుంటే ఇంతే అన్నారు, మాది మేనరికమే. నేను టాబ్లెట్లు వేసుకున్నాను, మూడో నెల నుంచి ఒక్క రోజు కూడా మానలేదు. మరి ఎందుకు జరిగింది? ఇప్పుడు మళ్ళీ ప్లాన్ చేసుకోవాలంటే చాలా టెన్షన్‌గా ఉంది.

#8 ప్రసూతి_వైద్యురాలు (వరంగల్)

అమ్మా, ముందుగా ఒక మాట. గ్రహణానికీ కత్తిపీటకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మీరు బయట తిరగడం వల్ల బిడ్డ వెన్ను తెరుచుకోలేదు. ఎవరేమన్నా ఈ విషయం మనసులో పెట్టుకోండి.

మీరు మూడో నెల నుంచి మాత్రలు వేసుకున్నారు. ఈ లోపం రాకుండా ఇచ్చేది ఫోలిక్ యాసిడ్ మాత్ర, అదొక బీ విటమిన్. పైన ఆ అమ్మాయి రాసింది చూడండి, ఫలదీకరణ జరిగిన 28వ రోజుకే గొట్టం మూసుకోవాలి. చివరి నెలసరి నుంచి లెక్కేస్తే అది ఆరో వారం, అంటే నెలసరి తప్పి రెండు వారాలు. చాలామందికి అప్పటికి అనుమానం మాత్రమే ఉంటుంది. మాత్ర మొదలయ్యేటప్పటికి ఆ పని అయిపోయి ఉంటుంది. ఇందులో మీ తప్పు లేదు, పెళ్ళయిన ఆడపిల్లకు ఈ విషయం ముందే చెప్పాల్సిన మేమూ, మా వ్యవస్థా చెప్పకపోవడమే తప్పు.

మళ్ళీ ప్లాన్ చేసుకునే ముందు తప్పకుండా డాక్టర్‌ని కలవండి. ఒకసారి ఇలా జరిగినవాళ్ళకు మళ్ళీ జరిగే అవకాశం నూటికి 2 నుంచి 5 దాకా ఉంటుంది. అంటే 95 మందికి పైగా మామూలు బిడ్డే పుడతారు. ఆ కొద్ది ప్రమాదాన్ని కూడా బాగా తగ్గించవచ్చని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ట్రయల్ తేల్చింది. 7 దేశాల్లో 33 కేంద్రాలు, అందరూ అంతకుముందు ఇలాంటి బిడ్డ కలిగిన తల్లులే. ఫలితం తెలిసిన 1195 గర్భాల్లో 27 మందికి మళ్ళీ లోపం వచ్చింది. వాటిలో రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవాళ్ళవి 6, తీసుకోనివాళ్ళవి 21. అంటే 72 శాతం తగ్గింది. మన దగ్గర దొరికేది 5 మిల్లీగ్రాముల మాత్ర, అందుకని మీలాంటివాళ్ళకు అదే రాస్తాం. గర్భం రావడానికి కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి మొదలుపెట్టి మొదటి మూడు నెలలు వేసుకోవాలి. ఇంతకుముందు ఇబ్బంది లేని మామూలు స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు, ఇది చదివి అందరూ 5 మిల్లీగ్రాములు కొనుక్కోవద్దు.

ఇంకో రెండు విషయాలు. బీ12 కూడా పరీక్ష చేయించుకోండి. షుగర్ ఉందేమో చూపించుకోండి, ఉంటే గర్భానికి ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ మందుతో స్పైనా బైఫిడా ప్రమాదం నూటికి ఒకటి రెండు దాకా ఉంటుంది, కానీ మీ అంతట మీరు ఆపేయొద్దు, ఫిట్స్ వస్తే ఇద్దరికీ ప్రాణాపాయం. న్యూరాలజిస్టుతో మాట్లాడి గర్భానికి ముందే మందు మార్పించుకోండి.

మేనరికం వల్ల ప్రమాదం కొంత పెరుగుతుందని కొన్ని అధ్యయనాల్లో వచ్చింది. అయినా మేనరికం కానివాళ్ళలో కూడా ఇది జరుగుతూనే ఉంది, మీ ఇద్దరి పెళ్ళినే దీనికి కారణంగా చూడొద్దు.

#9 ఒక_తల్లి

చాలా థ్యాంక్స్ డాక్టర్ గారూ. మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించాను. వచ్చే వారం వెళ్తాం.

#10 డాలస్_తెలుగమ్మాయి

ఇక్కడ మా గ్రూపుల్లో అందరూ ఎంటీహెచ్ఎఫ్ఆర్ టెస్ట్ గురించే మాట్లాడుతుంటారు. ఆ జీన్‌లో తేడా ఉంటే ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టదని, మిథైల్ ఫోలేటే (ఒంట్లో ఫోలిక్ యాసిడ్ మారే రూపం) వేసుకోవాలని, ఫోలిక్ యాసిడ్ అయితే విషమని కూడా రాస్తున్నారు. నాకు ఆ వేరియంట్ రెండు కాపీలు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. డాక్టర్ గారూ, ఏం చేయాలి?

#11 ప్రసూతి_వైద్యురాలు

అంత భయపడే విషయం కాదమ్మా. మీ దగ్గరి ప్రసూతి వైద్యుల సంఘమే ఆ టెస్ట్‌ను మామూలుగా చేయించవద్దంటోంది. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ కూడా స్పష్టంగా చెప్పింది, ఆ వేరియంట్ ఉన్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్‌ను కూడా వాడుకోగలరు, న్యూరల్ ట్యూబ్ లోపాలను తగ్గిస్తుందని ట్రయల్స్‌లో రుజువైంది ఫోలిక్ యాసిడే అని. మిథైల్ ఫోలేట్‌తో అలాంటి ట్రయల్ జరగలేదు. రుజువైన మందు చేతిలో ఉండగా దాన్ని మానేసి రుజువు కానిది పట్టుకోవడం నాకు నచ్చదు.

#12 గుడ్డులో_పిండం

దీని వెనక ఎంజైము సంగతి కొంచెం చెబుతాను, అప్పుడు భయం తగ్గుతుంది.

ఫోలిక్ యాసిడ్ మాత్ర నేరుగా పని చేయదు. ముందు డీహెచ్ఎఫ్ఆర్ అనే ఎంజైము దాన్ని రెండుసార్లు మార్చి టెట్రాహైడ్రోఫోలేట్ చేస్తుంది. దానికి ఒక కార్బన్ అతుక్కుంటుంది. అక్కడి నుంచి రెండు ముఖ్యమైన దారులు. ఒకటి థైమిడిలేట్ సింథేజ్ ఎంజైముది, డీఎన్ఏకి కావలసిన థైమిడిన్ ముక్క అక్కడే తయారవుతుంది. ఆ వారంలో ఫలకంలోని కణాలు విపరీతమైన వేగంతో రెట్టింపు అవుతుంటాయి కాబట్టి ఈ సరఫరా తగ్గితే అంచులు కలుసుకునేంత పెరగవు. రెండోది ఎంటీహెచ్ఎఫ్ఆర్‌ది. అది కార్బన్‌ను మిథైల్‌గా మారుస్తుంది, ఆ మిథైల్‌ను మిథియోనిన్ సింథేజ్ అనే ఇంకో ఎంజైము బీ12 సాయంతో హోమోసిస్టీన్‌కి అందించి మిథియోనిన్ చేస్తుంది. డీఎన్ఏ మీద, ప్రోటీన్ల మీద పడే మిథైల్ గుర్తులకు మూలం అదే.

డాలస్ అక్కకు ఉన్న 677 వేరియంట్ రెండు కాపీలుంటే ఆ ఎంజైము మామూలుగా చేసే పనిలో 30 శాతం దాకానే చేస్తుంది. కానీ ఫోలేట్ తగినంత ఉంటే ఆ లోటు చాలావరకు పూడుతుంది. ఈ ఎంజైముకు తోడుగా ఉండే అణువు రైబోఫ్లేవిన్ నుంచి వస్తుంది, ఈ వేరియంట్‌లో అది త్వరగా జారిపోవడమే బలహీనత, ఫోలేట్ ఉంటే ఎంజైము నిలకడగా ఉంటుంది. అంటే ఈ వేరియంట్ ఉన్నవాళ్ళు ఫోలిక్ యాసిడ్ మానేయడం కాదు, అసలు మానకుండా వేసుకోవాలి.

మన దేశంలో నాకు దిగులుగా అనిపించేది బీ12. అది లేకపోతే మిథియోనిన్ సింథేజ్ ఆగిపోతుంది, ఫోలేట్ అంతా మిథైల్ రూపంలో ఇరుక్కుపోతుంది, వెనక్కి రాలేదు, థైమిడిన్ దారికి అందదు. ఫోలేట్ ఉన్నా లేనట్టే. ఐర్లండ్‌లో చేసిన అధ్యయనం 2009లో వచ్చింది, గర్భం మొదట్లో బీ12 లీటరుకు 250 నానోగ్రాముల కంటే తక్కువ ఉన్న తల్లుల్లో ఈ లోపాల ప్రమాదం రెండున్నర నుంచి మూడు రెట్లు ఉంది. మాంసం, గుడ్డు, పాలు తినేవాళ్ళు ఎక్కువగా ఉన్న దేశంలోనే అలా ఉంటే, పాలు కూడా అంతంతమాత్రంగా దొరికే శాకాహార ఇళ్ళలో ఎలా ఉంటుందో ఆలోచించండి. డాక్టర్ గారు బీ12 పరీక్ష అన్నది అందుకే.

#13 గోదారి_లెక్చరర్

డీహెచ్ఎఫ్ఆర్ పేరు వచ్చింది కాబట్టి ఇక నేను ఆగలేను. మాది భీమవరం దగ్గర. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో పుట్టిన ఊరది. స్ప్రూ అనే, పేగులకు తిండి ఒంటబట్టని జబ్బుతో ఆయన అన్నదమ్ములు చనిపోయారు, ఆయన కూడా అదే జబ్బుతో చావు దాకా వెళ్ళొచ్చారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అక్కడి నుంచి హార్వర్డ్‌కు వెళ్ళి, తర్వాత లెడర్లీ కంపెనీ పరిశోధన విభాగాన్ని నడిపారు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది ఆయన నడిపిన బృందమే. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు కూడా అదే మందయింది.

అదే బృందం నుంచి అమైనోప్టెరిన్ వచ్చింది, అచ్చం ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి డీహెచ్ఎఫ్ఆర్‌ను పట్టేసే అణువు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని ల్యుకేమియా పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు, కేన్సర్ కీమోథెరపీకి అదొక మొదలు. ఆ ఏడాదే సుబ్బారావు గారు పోయారు. 1952లో గర్భస్రావం కోసం అమైనోప్టెరిన్ ఇచ్చిన కేసుల వివరాలు వచ్చాయి, కొన్ని పిండాలు వికృతంగా ఉన్నాయని. పిండానికి ఫోలేట్ ఎంజైము దారి ఎంత ముఖ్యమో మనుషుల్లో తొలిసారి తెలిసింది అలాగే. విటమిన్ పరీక్షలు మొదలవడానికి ఆ తర్వాత కూడా ఇరవై ఏళ్ళు పైనే పట్టింది.

ఇంకో సంగతి. ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన రాక్, పీకేఏ అన్నీ ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి ఫాస్ఫేటు తీసి తగిలించే ఎంజైములే. 1929లో కండరాల నుంచి ఏటీపీని వేరుచేసిన వాళ్ళలో సుబ్బారావు, ఫిస్కే ఉన్నారు, జర్మనీలో లోమన్ కూడా విడిగా చేశారు. ఫాస్ఫరస్ కొలవడానికి ఆ ఇద్దరూ 1925లో ఇచ్చిన పద్ధతిని మేము ప్రాక్టికల్స్‌లో ఇప్పటికీ చేయిస్తాం. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక పేరా అయినా పూర్తిగా ఇవ్వాలని నా కోరిక.

#14 తిండి_పరీక్షలు (హైదరాబాద్)

ఆహార భద్రత రంగంలో పని చేస్తాను. డాలస్ అమ్మాయి టెక్సస్ కాబట్టి ఇది చెప్పాలి. 1991లో టెక్సస్ దక్షిణ కొసన, మెక్సికో సరిహద్దులో ఉన్న బ్రౌన్స్‌విల్‌లో ఒకే ఆసుపత్రిలో 36 గంటల్లో ముగ్గురు అనెన్సెఫలీ శిశువులు పుట్టారు. పురుగుమందులా, ఫ్యాక్టరీ పొగా అని చాలా వెతికారు. తర్వాతి ఏళ్ళలో బలంగా నిలబడిన అనుమానాల్లో ఒకటి మొక్కజొన్న రొట్టెల్లోని ఫ్యుమోనిసిన్, అంటే కంకి మీద పెరిగే బూజు విషం.

ఈ విషం ఆపేది కూడా ఒక ఎంజైమునే, సెరమైడ్ సింథేజ్‌ను. అది ఆగితే కణం పొరలో ఉండాల్సిన కొవ్వులు తగ్గుతాయి. ఫోలేట్‌ను లోపలికి తీసుకునే రిసెప్టర్ ఆ కొవ్వుల మధ్యనే కూర్చుని ఉంటుంది కాబట్టి ఫోలేట్ అందడం తగ్గుతుంది. చూలు ఎలుకలకు ఫ్యుమోనిసిన్ ఇస్తే పిల్లల్లో న్యూరల్ ట్యూబ్ లోపాలు వచ్చాయి, ఫోలిక్ యాసిడ్ ఇస్తే కొంత తగ్గాయి.

మన దగ్గర 1995లో దక్కన్ పల్లెల్లో వానకు తడిసి బూజు పట్టిన జొన్న, మొక్కజొన్న తిని జనానికి కడుపునొప్పి, విరేచనాలు వచ్చాయి. ఆ గింజల్లో ఫ్యుమోనిసిన్ ఉందని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు తేల్చారు. అక్కడ పుట్టుక లోపాల మాట రాలేదు, ఆ రెండిటినీ నేను కలపడం లేదు. కానీ తడిసిన కంకుల్ని ఆరబెట్టి ఇంట్లో వాడుకునే అలవాటు ఇప్పటికీ ఉంది. బూజు గింజలు ఏరి పారేయండి, గర్భిణి ఉన్న ఇంట్లో అసలు వాడొద్దు.

#15 బయోటెక్_తమ్ముడు

మొటిమల మందు కూడా ప్రమాదమంటారు కదా? మా అక్క వాడుతోంది, వచ్చే నెల పెళ్ళి.

#16 గుడ్డులో_పిండం

ఐసోట్రెటినాయిన్ అయితే చాలా ప్రమాదం, వెంటనే స్కిన్ డాక్టర్‌కి పెళ్ళి సంగతి చెప్పమనండి. ఆపిన తర్వాత కూడా కనీసం నెల రోజులు గర్భం రాకూడదు. దీని వెనకా ఎంజైముల జంట ఉంది. విటమిన్ ఏ నుంచి రెటినాయిక్ యాసిడ్‌ను ఆల్డిహైడ్ డీహైడ్రోజినేజ్ తయారుచేస్తుంది, సిప్26 ఎంజైములు దాన్ని విరగ్గొడతాయి. ఒకటి ఒక చోట, ఇంకొకటి ఇంకో చోట పనిచేయడం వల్ల ఏ భాగంలో ఎంత ఉండాలో అంతే ఉంటుంది. విరగ్గొట్టే ఎంజైము లేని ఎలుకల్లో వెన్ను కింది భాగం తెరుచుకుని ఉంటుంది, తయారుచేసే ఎంజైము లేనివి కడుపులోనే చచ్చిపోతాయి. ఆ మందు వేసుకుంటే ఆ అమరికంతా దెబ్బతింటుంది.

#17 ఏఎన్ఎం_అక్క (శ్రీకాకుళం జిల్లా)

ఫీల్డులో పనిచేసేదాన్ని కాబట్టి చెబుతున్నాను. మా దగ్గర పేరు రాయించుకోడానికి వచ్చేసరికే రెండో నెల దాటిపోతుంది, కొందరైతే పుట్టింటికి వచ్చాక నాలుగో నెలలో వస్తారు. డాక్టర్ గారు చెప్పిన 28 రోజుల ముచ్చట మా మీటింగుల్లో చెబుతారు గానీ మేం మనిషిని చూసేటప్పటికి ఆ రోజులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. కొత్తగా పెళ్ళయిన పిల్లల ఇళ్ళకు ముందే వెళ్ళి ఇవ్వాలంటే, ‘అప్పుడే మాత్రలేంటి, ఏమైనా జబ్బా’ అని అత్తలు పోట్లాడతారు. ఇప్పుడు ఇంకో మాట కూడా వినపడుతోంది. రేషన్ బియ్యంలో ఫోలిక్ కలిపారట కదా, ఇంక మాత్రలెందుకు అంటున్నారు. దీనికి ఏం చెప్పాలి?

#18 తిండి_పరీక్షలు

అక్కా, లెక్క చెబుతాను, వాళ్ళకు అదే చెప్పండి. రేషన్‌లో వచ్చే ఫోర్టిఫైడ్ (పోషకాలు కలిపిన) బియ్యంలో నిబంధన ప్రకారం కిలోకు ఫోలిక్ యాసిడ్ 75 నుంచి 125 మైక్రోగ్రాములు, బీ12 0.75 నుంచి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి, ఐరన్ కూడా ఉంటుంది. ఒక మనిషి రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా వచ్చేది 30 నుంచి 50 మైక్రోగ్రాములు. గంజి వార్చేస్తే అందులో కొంత పోతుంది. కావలసింది 400. బియ్యం వల్ల ఊరందరికీ కొంత మేలు, కాదనను, గర్భం రాబోయే అమ్మాయికి మాత్రం మాత్ర మాత్రే.

అమెరికాలో 1998 నుంచి పిండిలో తప్పనిసరిగా కలుపుతున్నారు, 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు. మన బియ్యంతో పోలిస్తే పది రెట్ల కంటే ఎక్కువ. అక్కడ ఆ తర్వాత ఈ లోపాలు తగ్గాయి. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2013లో వేసిన లెక్క ప్రకారం వెయ్యి కాన్పులకు నాలుగున్నర దాకా ఇలాంటి కేసులు ఉన్నాయి. ఇంత భారం ఉన్న దేశం బియ్యంలో ఇంత కొంచెం కలిపి ఊరుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

#19 ప్రసూతి_వైద్యురాలు

ఏఎన్ఎం అక్కా, అత్తలతో నేను వాడే మాట ఒకటుంది. ‘మనవడో మనవరాలో వెన్నెముక గట్టిగా రావాలంటే కడుపు పండకముందే వేయాలి’ అంటాను. గర్భం మాత్ర అనను. కొందరు వింటారు.

#20 డాలస్_తెలుగమ్మాయి

డాక్టర్ గారూ, మీ ఇద్దరి సమాధానం చదివాక మామూలు ప్రీనేటల్ టాబ్లెట్ కొనుక్కున్నాను. ఒక చివరి ప్రశ్న. ఫోలిక్ యాసిడ్ సరిగ్గా వేసుకున్నా కొందరికి ఈ లోపం వస్తుందంటున్నారు. వాళ్ళకేమైనా ఉందా? నాకు పీసీఓడీకి ఇనోసిటాల్ పౌడర్ ఇస్తున్నారు, అది కూడా దీనికి పనికొస్తుందని ఎక్కడో చదివాను.

#21 గుడ్డులో_పిండం

మీరు చదివింది గాలివార్త కాదు. ఎలుకల్లో స్ప్లాచ్ అనే రకం ఉంది, పాక్స్3 జన్యువు చెడినది. దాని పిల్లల్లో గొట్టం మూసుకోకపోతే ఫోలిక్ యాసిడ్‌తో కొంత సరి అవుతుంది. కర్లీ టెయిల్ అనే ఇంకో రకం ఉంది, దానికి ఫోలిక్ యాసిడ్ ఇచ్చినా ఫలితం లేదు, ఇనోసిటాల్ ఇస్తే లోపాలు బాగా తగ్గాయి. లండన్‌లో కాప్, గ్రీన్ అనే పరిశోధకులు 1997లో చూపించారు. ఇనోసిటాల్ పని చేసేది ప్రోటీన్ కైనేజ్ సీ ద్వారా, ఆ కైనేజ్‌ను ఆపేస్తే ఇనోసిటాల్ ఇచ్చినా రక్షణ రాదు. అంటే రెండు వేర్వేరు ఎంజైము దారులు, ఒకటి చెడితే రెండోదాని మందు పనిచేయదు.

షుగర్ ఉన్న తల్లుల సంగతి కూడా ఇక్కడికే వస్తుంది. చూలు ఎలుకల్లో గ్లూకోజ్ ఎక్కువైతే పిండంలో ఆక్సిడేటివ్ ఒత్తిడి పెరిగి, కొన్ని కైనేజులు తప్పు సమయంలో లేచి, పాక్స్3 తగ్గిపోతుంది. పాక్స్3 లేకపోతే పీ53 అనే, కణాలను చావు వైపు నెట్టే ప్రోటీను పెరిగి అంచు కణాలు చచ్చిపోతాయి. పాక్స్3 లేని ఎలుకల్లో పీ53 కూడా తీసేస్తే గొట్టం మూసుకుంది. డాక్టర్ గారు గర్భానికి ముందే షుగర్ తగ్గించుకోమన్నారు కదా, ఆ మాట వెనక ఇదంతా ఉంది.

మనుషుల్లో ఇనోసిటాల్‌తో లండన్‌లో ఒక చిన్న ట్రయల్ జరిగింది, అంతకుముందు ఇలాంటి గర్భం వచ్చిన స్త్రీలకు ఫోలిక్ యాసిడ్‌తో పాటు ఇచ్చారు. హాని కనిపించలేదు, కానీ పని చేస్తుందని తేల్చడానికి ఆ సంఖ్య చాలదు. మీ పౌడర్‌లో ఉండేది చాలావరకు మయో-ఇనోసిటాల్, ఆ ట్రయల్‌లో ఇచ్చిందీ ఇనోసిటాలే. గర్భం వచ్చాక కొనసాగించాలో లేదో మీ డాక్టర్‌ని అడగండి, ఫోలిక్ యాసిడ్ బదులుగా మాత్రం వాడొద్దు.

#22 ఏఎన్ఎం_అక్క

డాక్టర్ గారి మాట, బియ్యం లెక్క, రెండూ రాసుకున్నాను. ఈ నెల మా సబ్ సెంటర్ పరిధిలో కొత్త పెళ్ళిళ్ళు ఉన్న ఇళ్ళ లిస్టు ఆశాలతో తీయిస్తున్నాను. పుట్టింటికి వచ్చిన పిల్లల పేర్లు కూడా రాయమన్నాను.